పెరట్లో లీకు

మా పెరడు గురించి చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. ఊళ్ళో ఎంతమంది ఇళ్ళ వెనకాలో రాతి తొట్లు కట్టించాను, సన్నటి జలపాతాలు పెట్టించాను, ఇరుకు గోడల మధ్య కూర్చున్నవాళ్ళకు వాగు పక్కన కూర్చున్నట్టు చేసిపెట్టాను. నా వంటింటి వెనక తలుపు తీస్తే మాత్రం గ్యాస్ బండ, బట్టల మెషిను, పిడి ఊడిన బకెట్లు, ఎప్పుడూ తడారని సిమెంటు గచ్చు. ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అని మా అన్నయ్య వచ్చినప్పుడల్లా దెప్పేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. తన పెరట్లో నేను కట్టించిన తొట్టిలో తన పిల్లలు బూట్లు కడుక్కుంటారు, ఆ సంగతి గుర్తుచేసేదాన్ని.

నా పని చిన్న చోట్లతోనే. పెద్ద తోటలు వేసేవాళ్ళకు చెట్లు సాయం చేస్తాయి, దూరం సాయం చేస్తుంది. నాలుగు కుర్చీలు వేస్తే నిండిపోయే పెరటికి, రెండిళ్ళ మధ్య మిగిలిపోయిన సందుకు, మెట్ల కింద మూలకు ఎవరి సాయమూ ఉండదు. ఎటు చూసినా గోడే కనిపిస్తుంది. అందుకే నేను అక్కడ నీళ్ళు పెడతాను. వచ్చినవాళ్ళతో మొదట అనేది ఒకటే: "మీరు కూర్చునే కుర్చీ ఎక్కడో చెప్పండి, తర్వాత నీళ్ళ సంగతి చూద్దాం." చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ముందు మోటారు కొంటారు, బొమ్మ కొంటారు, ఎక్కడో నిలబెడతారు. ఆపైన రోజంతా ఎవరో బాత్రూంలో ఉన్నట్టు చప్పుడు. చుట్టాలొస్తే ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. అలాంటివి ఎన్ని సరిచేశానో చెప్పలేను. నీళ్ళు ఏ ఎత్తు నుంచి పడాలి, రాతి మీద పడాలా నీటి మీద పడాలా, పడే చోట లోతెంత ఉండాలి, ఇవన్నీ ఆ కుర్చీలో కూర్చుని చెవితో తేల్చుకోవలసిందే. నేను కళ్ళు మూసుకుని వింటుంటాను, మేస్త్రీ రాయి జరుపుతుంటాడు. ఈ చెవి మా నాన్న ఇచ్చిందని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

నాన్న నీటి సరఫరా ఆఫీసులో లీకులు పట్టేవాడు. భూమిలో పైపు ఎక్కడ పగిలిందో పైనుంచి చూస్తే తెలియదు కదా. ఇనుప కడ్డీ ఒక కొస రోడ్డుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, వింటూ వింటూ ముందుకు జరిగేవాడు. చోటు దొరికితే సుద్దముక్కతో గుండ్రంగా గీసి "ఇక్కడ తవ్వండి" అనేవాడు. ఇంట్లోనూ అదే మనిషి. కుళాయి చుక్క చుక్కగా కారుతుంటే కంచం ముందు కూర్చునేవాడు కాదు. "నీళ్ళకున్న విలువ నా వంటకు లేదు" అని అమ్మ గొణుక్కునేది. అమ్మ పోయాక, నా పెళ్ళి పెటాకులయ్యాక, మేమిద్దరం ఒక ఇంట్లో సర్దుకున్నాం. ఇద్దరమూ ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళమే, అందుకే కాబోలు బాగానే సాగింది.

మతిమరుపు మెల్లగా వచ్చింది. మొదట కళ్ళజోడు మరిచిపోయాడు, తర్వాత ఈరోజు ఏ వారమో, ఆ తర్వాత అమ్మ చనిపోయిన సంగతి. "మీ అమ్మ ఇంకా రాలేదేమే?" అని అడిగితే మొదట్లో నిజం చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏడ్చేవాడు. పోనుపోను బజారుకెళ్ళిందని చెప్పడం నేర్చుకున్నాను. అదంతా ఎలాగో లాక్కొచ్చాను గానీ, సాయంత్రమయ్యేసరికి ఆయన బయల్దేరడం మొదలుపెట్టాడు. డ్యూటీకట. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, గేటు తీసుకుని వెళ్ళిపోయేవాడు. తాళం వేశాను. బతుకంతా పనిముట్లు పట్టిన చేతులాయె, చెంచా పిడితో మరలు తిప్పి మడతబందులు ఊడదీశాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది, గేటు మాత్రం గోడకు జాగ్రత్తగా ఆనించి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పగటిపూట ఆయాను పెట్టాను. మంచి మనిషి, నా వయసే ఉంటుంది. కానీ ఆవిడ పొయ్యి మీద పాలు దించి వచ్చేలోపు ఆయన వీధి చివర ఉండేవాడు.

ఒక సాయంత్రం నాలుగురోడ్ల కూడలిలో దొరికాడు. నడిరోడ్డు మీద బోర్లా పడుకుని మ్యాన్‌హోల్ మూతకు చెవి ఆనించి ఉన్నాడు. చుట్టూ బళ్ళు ఆగిపోయి హారన్లు మోగిస్తుంటే వాళ్ళనే కసురుతున్నాడు. "కాస్త చప్పుడు చెయ్యకండయ్యా, ఇక్కడ పని జరుగుతోంది." కూడలిలోని మందుల షాపతను ఫోను చేస్తే నేనూ అన్నయ్యా పరుగెత్తుకెళ్ళాం. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని లేపాం.

నాన్నకు అన్నం పెట్టి పడుకోబెట్టాక మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని అన్నయ్య విషయం తేల్చేశాడు.

"హోమ్ ఒకటి చూశాను చిట్టీ. శుభ్రంగా ఉంది. నర్సులుంటారు, డాక్టరొస్తాడు, గేటు దగ్గర మనిషి ఉంటాడు."

"నువ్వు చూశావు, సరే. నాన్న చూశాడా?"

"ఆయనింకేం చూస్తాడే? ఇందాక రోడ్డు మీద నన్ను సార్ అన్నాడు."

"సార్ అన్నాడని పంపించేస్తావా?"

"లారీ కింద పడితే అప్పుడు ఎక్కడికి పంపిస్తావు?"

నా పనినే అడ్డం వేశాను. "కొంచెం టైమివ్వు అన్నయ్యా. పెరడు బాగుచేస్తాను. వెనకవైపు గేటు లేదు, మూడు పక్కలా గోడే. నీళ్ళు పెడతాను. ఆ చప్పుడుకు కుదురుకుంటాడు. మా కస్టమర్ల ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నానుగా, బీపీ మనుషులు కూడా అక్కడ కూర్చుంటే గొంతు తగ్గించి మాట్లాడతారు."

అన్నయ్య లేచి కారు తాళాలు తీసుకున్నాడు. "కట్టుకో. కానీ మళ్ళీ ఒక్కసారి గేటు దాటాడంటే నీ మాట వినను, నా మనసు మాటా వినను. తీసుకెళ్ళిపోతాను."

నేను ఒప్పుకున్నాను. నీళ్ళ చప్పుడు వింటూ బతికిన మనిషికి నీళ్ళ చప్పుడును మించిన మందేముంటుంది అనుకున్నాను. ఆ చప్పుడు ఆయనకు ఎందుకు వినాల్సి వచ్చేదో ఆలోచించనే లేదు.

మేస్త్రీ నాతో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాడు. పెరడు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ దీన్ని దాచిపెట్టారా మేడం? మన కస్టమర్లెవరైనా చూసుంటే మనకు పనివ్వడం మానేసేవారు."

"నోరు మూసుకుని గచ్చు పగలగొట్టు," అన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

గ్యాస్ బండను పక్కగా కట్టించిన గూట్లోకి మార్చి చెక్క తలుపు పెట్టించాను. పాత గచ్చు తీయించి, కాలు జారకుండా గరుకు రాతిపలకలు పరిపించాను. పలకల మధ్య గులకరాళ్ళు. గోడలకు ముదురు ఆకుపచ్చ రంగు వేయించాను, ఇరుకు చోట తెల్లగోడ మనిషి మీదికి వచ్చి కూర్చుంటుంది. ఎదురుగోడకు ఆనించి మోకాలెత్తు నల్లరాతి తొట్టి పెట్టాం, ముసలాయన వంగనక్కర్లేదు, తూలినా అందులో పడడు. తొట్టి పైన గోడలోంచి అరచెయ్యంత వెడల్పున రాతి పెదవి ఒకటి బయటికి వస్తుంది. దాని మీంచి నీళ్ళు పల్చటి తెరలా జారి తొట్టిలో పడతాయి. మోటారు కింద గుంటలో, దాని మీద బోల్టులు బిగించిన ఇనుప జాలీ. రెండు పక్కలా ఫెర్న్ కుండీలు, మూలన సన్నటి వెదురు. చేతులున్న కుర్చీ ఒకటి వంటింటి గోడకు వేశాను. అందులో కూర్చుంటే వీధి కనబడదు, వినబడదు.

ఆ కుర్చీలో నేనే కూర్చుని నీళ్ళు సరిచేయించాను. మొదట గిన్నెలు తోముతున్నట్టు మోగింది. తొట్టిలో మట్టం పెంచాం. మరీ బరువైపోయింది. నీళ్ళు పడే చోట సగానికి ఒక గుండ్రాయి పెట్టించాను, అటూ ఇటూ జరిపించాను, మేస్త్రీ మోచేతుల దాకా తడిసిపోయి విసుక్కున్నాడు. చివరకు పక్కగదిలో ఇద్దరు తగ్గు గొంతుతో మాట్లాడుకుంటున్నట్టు కుదిరింది. "ఇంత బాగా మనం ఎవరికీ కట్టలేదు మేడం," అన్నాడు మేస్త్రీ. నిజమే, కట్టలేదు.

స్విచ్చు వంటింటి తలుపు పక్కన పెట్టించాను. నాన్నను తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి స్విచ్చు వేశాను. నీళ్ళు పడ్డాయి. ఆయన తల కొంచెం పక్కకు వంచాడు. నెలల తరబడి ఎటు చూస్తున్నాయో తెలియని కళ్ళు ఒక్కసారిగా చురుగ్గా అయ్యాయి. వెన్ను నిటారుగా పెట్టాడు.

"వినిపిస్తోందా నాన్నా?"

"ఊఁ. వినిపిస్తోంది."

లేచి వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత చెవి పెట్టాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎన్నాళ్ళకో ఆ మొహంలో మా నాన్న కనబడ్డాడు.

ఆ సాయంత్రం చొక్కా గుండీలు పెట్టుకున్నాడు గానీ గేటు వైపు వెళ్ళలేదు. పెరట్లోకి వెళ్ళాడు. మర్నాడూ అంతే. వారం గడిచాక అన్నయ్య వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. నాన్న తొట్టి అంచు పట్టుకుని నీళ్ళ వైపే చూస్తున్నాడు, మేమిద్దరం ఉన్నట్టే ఆయనకు తెలియదు.

"నువ్వే గెలిచావే," అన్నాడు అన్నయ్య. "నా పెరట్లో తొట్టికి ఇంత శ్రద్ధ పెట్టలేదేం?"

"నువ్వు నా బిడ్డవా, నాన్నవా?"

అక్కడే నిలబడి హోమ్ వాళ్ళకు ఫోను చేసి, మాకు చోటు అక్కర్లేదని చెప్పాడు. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు. చిన్నప్పుడెప్పుడో తప్ప అలా చెయ్యలేదు. ఆ పూట నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆయా నా దగ్గరకొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. "అమ్మా, ఒకరోజు పని మధ్యలో ఇంటికొచ్చి చూడండి. నేను చెప్తే బాగుండదు."

మధ్యాహ్నం చెప్పకుండా వచ్చాను. నాన్న పెరట్లో మోకాళ్ళ మీద ఉన్నాడు. పలకల మధ్య గులకరాళ్ళన్నీ ఏరి ఒక పక్క కుప్ప పెట్టాడు. ఫెర్న్ కుండీలు వరసగా గోడవారకు జరిపాడు. భుజం దాకా చెయ్యి తొట్టిలో పెట్టి అడుగు తడుముతున్నాడు. చొక్కా పిండితే బకెట్టు నిండేటట్టుంది. అన్నం కంచం మూత పెట్టింది పెట్టినట్టే బట్టల మెషిను మీద ఉంది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"ఎక్కడో కారుతోందమ్మా. పొద్దున్నించీ చూస్తున్నా. గోడలో ఉందనుకుంటే నేలలో వినిపిస్తుంది, నేల చూస్తే గోడలో వినిపిస్తుంది. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు."

"అది కారడం కాదు నాన్నా. నేనే పెట్టించాను. అందం కోసం."

నన్ను ఎగాదిగా చూశాడు. "అందం కోసం ఎవరన్నా పైపు పగలగొట్టుకుంటారా?"

మళ్ళీ చెయ్యి తొట్టిలో పెట్టాడు. ఆయా నా వెనకే నిలబడి మెల్లగా చెప్పుకొచ్చింది. "తినడం లేదమ్మా. ఒక్కచోట కూర్చోవడం లేదు. కాస్త కునుకు తీసినా ‘కారుతోంది, కారుతోంది’ అని లేచిపోతున్నారు. ఆ చప్పుడు ఆపేస్తే కుదుటపడతారేమో."

"కొత్త కదా. అలవాటవుతుంది," అన్నాను. ఆవిడ కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనా అలా ఎందుకన్నానంటే, ఆయన గేటు వైపు వెళ్ళడం లేదు. నాకు కావలసింది అదే.

ఇంకో మధ్యాహ్నం. ఆయాకు సెలవు. నేను ఇంట్లోనే ఎవరిదో మెట్ల కింద మూలకు ప్లాను గీస్తున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, పెరట్లో నీళ్ళు ఆగిపోయాయి. కాసేపటికి నాన్న లోపలికొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకున్నాడు, బల్ల ముందు కూర్చున్నాడు.

"అన్నం పెట్టు చిట్టీ. ఆకలేస్తోంది."

వడ్డించాను. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. "ఉప్పు తక్కువ, కోపం ఎక్కువ. అచ్చం మీ అమ్మ చేతి వంటే," అని నవ్వాడు. వెనకటికి ఒక ఆఫీసరు లీకు తనకే దొరికిందని ఫోటో తీయించుకోబోయి, తవ్విన గుంటలో బూట్లతో సహా దిగబడ్డ కథ చెప్పాడు. చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్న కథే. నేను కడుపు పట్టుకుని నవ్వాను. తర్వాత సోఫాలో పడుకుని చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. ఆ గురక వింటూ నేను బల్ల మీద తల వాల్చాను. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది, ఎన్ని రోజుల అలసటో నా కళ్ళ మీదికి వచ్చింది.

ఫ్యాను తిరగడంతో మెలకువ వచ్చింది. పెరట్లో నీళ్ళు పడుతున్నాయి. సోఫా ఖాళీగా ఉంది.

చెప్పులు లేకుండా పరుగెత్తాను. కూడలి దగ్గర మందుల షాపతను నాన్న మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. లారీ ఒకటి అడ్డంగా ఆగి ఉంది, డ్రైవరు కిందికి దిగి చేతులు ఊపుతూ తిడుతున్నాడు. నాన్న ఎడమ చెప్పు లారీ ముందు చక్రం దగ్గర పడి ఉంది. షాపతను ఆ చెప్పు తెచ్చి ఇస్తూ అన్నాడు, "ఈసారి దేవుడు మంచివాడమ్మా. ప్రతిసారీ అలా ఉండడు."

"మా అన్నయ్యకు ఫోను చేశారా?"

"ఇంకా లేదు."

"చెయ్యకండి. మీకు దణ్ణం పెడతాను, చెయ్యకండి."

షాపతను తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చే దారిలో నాన్న నా చెయ్యి పట్టుకుని బుద్ధిగా నడిచాడు. "ఎందుకు వెళ్ళావు నాన్నా?" అని అడిగితే వింతగా చూశాడు. "ఆ ఇంట్లో పని అయిపోయిందిగా. ఇంకో చోటికి పోవద్దూ?"

అదీ సంగతి. నీళ్ళు పడుతుంటే పని ఉంది, ఇంట్లో ఉంటాడు, నలిగిపోతాడు. నీళ్ళు ఆగితే తింటాడు, పడుకుంటాడు, నన్ను పేరుపెట్టి పిలుస్తాడు, ఆపైన వెళ్ళిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను చక్రం దగ్గర పడి ఉన్న ఆ చెప్పునే తలుచుకున్నాను. అన్నయ్య మాటను తలుచుకున్నాను. పెరట్లో నీళ్ళు పడుతూనే ఉన్నాయి, నేను ఆపలేదు.

అంతటితో ఊరుకోలేదు. మళ్ళీ కరెంటు పోతే ఎలాగని కొత్తగా ఇన్వర్టరు కొని, మోటారును దానికి కలిపించడానికి మేస్త్రీని పిలిచాను, వైరింగు పనీ అతనికి వచ్చు. అతను వచ్చేసరికి నాన్న గోడకు చెవి పెట్టి, పిడికిలితో తడుతూ, తనలో తను మాట్లాడుకుంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. ప్యాంటు నిలవక నడుముకు తాడు కట్టాం. మేస్త్రీ చాలాసేపు చూశాడు.

"మేడం, దీన్ని ఆపేస్తే పోదా?"

"నీ పని నువ్వు చూసుకో."

ఎన్నేళ్ళ స్నేహమో, అతనితో అలా మాట్లాడింది అదే మొదటిసారి. వైరు కలిపాడు. మంచినీళ్ళు తాగమంటే అక్కర్లేదన్నాడు. తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ కూడా నా మొహం చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికి తెలుసు నా బాధ అనుకున్నాను. అన్నయ్య ఫోను చేసి "ఎలా ఉన్నాడే?" అని అడిగినప్పుడల్లా "పెరట్లోనే ఉన్నాడు" అన్నాను. అబద్ధం ఒక్కటీ ఆడలేదు.

ఒక పొద్దున కాఫీ తీసుకుని వెళ్ళాను. నాన్న రాతిపలక మీద చతికిలబడి ఉన్నాడు. ఇనుప జాలీ బోల్టులను వట్టి చేతులతో తిప్పబోయాడు కాబోలు, రెండు గోళ్ళు పగిలి రక్తం గడ్డకట్టి ఉంది. నన్ను చూడగానే కంగారుగా లేవబోయాడు. లేవలేక కూర్చున్నచోటనే రెండు చేతులూ జోడించాడు.

"సార్, ఇంకొక్క రోజు టైమివ్వండి సార్."

"నాన్నా, నేను..."

"నాకు దొరక్కపోవడమనేది లేదు సార్. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరినన్నా అడగండి. చెవి పోయినట్టుంది సార్. వినిపిస్తోంది గానీ చోటు తెలియడం లేదు." జోడించిన చేతులు ఇంకా పైకెత్తాడు. "ఉద్యోగం మాత్రం తీసెయ్యకండి. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. చిన్నదానికి ఇంకా మాటలు కూడా సరిగ్గా రావు."

ఆ చిన్నదాన్ని నేను. ఆయన చేతులు జోడించింది నాకు. నా పక్కన, కాఫీ గ్లాసు పట్టుకున్న చేతికి అందేంత దూరంలో స్విచ్చు ఉంది. రోజూ అది ఉన్న చోటనే నిలబడి ఆయన్ని చూస్తూ వచ్చాను. ఊళ్ళో అందరి మనసులకూ చల్లదనం పంచేదాన్నని చెప్పుకు తిరిగే నేను, కన్నతండ్రికి ఇంత పని చేశాను. ఆయన్ని నా దగ్గర ఉంచుకోవడానికి, ఆయన జీవితంలో ఉన్న ఒక్క గర్వాన్నీ నేల మీద పెట్టి రోజూ తొక్కాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

స్విచ్చు ఆపేశాను.

నీళ్ళ తెర సన్నబడింది, దారమైంది, చుక్కలైంది, ఆగిపోయింది. నాన్న తలెత్తాడు. గాలి పీల్చడం కూడా ఆపి విన్నాడు. గోడకు చెవి పెట్టాడు, నేలకు పెట్టాడు. తర్వాత మొహం విప్పారింది.

"ఆగింది," అన్నాడు. "ఆగిందండీ!"

"నువ్వే ఆపావు నాన్నా."

ఎవరితో అంటున్నానా అని వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ నా వైపు తిరిగాడు. "మీరేనా అమ్మా ఈ ఇంటావిడ?"

తలూపాను.

"ఇబ్బంది పెట్టానమ్మా. రాళ్ళన్నీ పీకేశాను. సర్ది వెళ్తాను, కంగారుపడకండి."

పగిలిన గోళ్ళతోనే గులకరాళ్ళు తీసి పలకల మధ్య పేర్చడం మొదలుపెట్టాడు. నేనూ పక్కన కూర్చుని పేర్చాను. "మీకెందుకమ్మా శ్రమ" అంటూనే ఉన్నాడు. అన్నీ అయ్యాక చేతులకు మందు రాసి కట్టుకట్టాను, అన్నం తినిపించాను, పడుకోబెట్టాను. తర్వాత అన్నయ్యకు ఫోను చేశాను.

"ఆ హోమ్‌లో ఇంకా చోటుందేమో కనుక్కో."

"గేటు దాటాడా?"

"లేదు. అయినా రా."

మర్నాడు అన్నయ్య వచ్చేదాకా నేను గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాన్న వచ్చి "కొంచెం జరుగుతారా అమ్మా, డ్యూటీ ఉంది" అని అడుగుతూనే ఉన్నాడు, నేను ఏదో ఒకటి చెప్పి లోపలికి పంపుతూనే ఉన్నాను. ఇలాగే రోజూ కూర్చోలేనా అని ఎన్ని విధాల ఆలోచించానో. పనికి వెళ్ళాలి, నిద్రపోవాలి, ఏదో ఒక పూట కన్ను మూతపడుతుంది. ఏ దారీ దొరకలేదు.

అన్నయ్య కారు దిగి గేటు బయటే నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏమని చెప్దామే ఆయనకు?"

"నాకు వదిలెయ్."

లోపలికెళ్ళి నాన్నతో చెప్పాను. "వేరే చోట కంప్లయింటు వచ్చిందట. ఆఫీసు నుంచి మీకోసం కారు పంపించారు."

"కారా? నాకా?" నమ్మలేకపోయాడు. సర్వీసంతా సైకిలే ఆయనకు. అద్దం ముందుకెళ్ళి తల దువ్వుకున్నాడు, గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. కట్టు కట్టిన వేళ్ళతో రాక అవస్థపడుతుంటే ఆఖరి గుండీ నేను పెట్టాను. "థాంక్సమ్మా" అన్నాడు. బట్టల సంచీ ఆయనకు కనబడకుండా ముందే డిక్కీలో పెట్టేశాను.

అన్నయ్య వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. "మీరు దిగడమెందుకు సార్, నేను ఎక్కలేనా?" అన్నాడు నాన్న. అన్నయ్య మొహం రోడ్డు వైపు తిప్పేసుకున్నాడు.

కారెక్కబోతూ నాన్న ఆగాడు. తల పక్కకు వంచి మా ఇంటి వైపు చెవి పెట్టాడు.

"ఇప్పుడు చప్పుడేం లేదు కదమ్మా?"

"లేదండీ."

"మళ్ళీ ఎప్పుడైనా వినిపిస్తే ఆఫీసుకు ఫోను చెయ్యండి. ఎవరో కుర్రాణ్ణి పంపిస్తామంటారు, ఒప్పుకోకండి. నా పేరు చెప్పండి. ఎంత పనిలో ఉన్నా నేనే వస్తాను."

"అలాగేనండీ," అన్నాను. "తప్పకుండా మీరే రావాలి."